వామిలో ఉప్పు

డిసెంబరు 6

వాన, వాన, వాన. సరిగ్గా కోతల టైమే దొరికిందా ఈ తుఫానుకి! పెడన నుంచి దివిసీమ దాకా పనల మీద నీళ్ళు నిలబడ్డాయి. మా యార్డుకి వచ్చిన గడ్డి సగానికి సగం తడి. గిరిధర్ గారు పొద్దున్నే ఫోను చేసి, "కృపావతి గారూ, గడ్డి బూజు పట్టిందంటే మనం మునిగిపోయినట్టే" అన్నారు. ఓనరు కదా, మునగడం ఆయనకి మాటవరసకి. మార్చితో కాంట్రాక్టు అయిపోయేది నాకు.

పోలయ్యని పిలిచి ఉప్పు బస్తాలు తెప్పించాను. తడి గడ్డి ఆరబెట్టినంత ఆరబెట్టించి, వామి వేసేటప్పుడు వరసకో గుప్పెడు చల్లించాను. మా నాన్న అలాగే వేసేవాడు. కోడూరు వైపు ఆసాములంతా వామి వెయ్యాలంటే మా నాన్ననే పిలిపించేవాళ్ళు. ఉప్పు చల్లిన వామి కుళ్ళదు, పశువు కూడా ఇష్టంగా తింటుంది. పోలయ్య పైన నిలబడి, "మిషను కూడా ఇష్టంగా తింటదంటారా అమ్మా?" అన్నాడు. కూలోళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

గిరిధర్ గారికి చెప్పలేదు. ఇంజినీర్లకి ఇలాంటివి చెప్తే ముందు నవ్వుతారు, తర్వాత కాగితం అడుగుతారు. వాములు నిలబడ్డాక చూస్తారుగా.

డిసెంబరు 9

ఎండ కాసింది. వామిలోకి చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు, వాసన లేదు. నాన్నా, నువ్వు చూసి ఉంటే ఎంత బావుండేది.

డిసెంబరు 14

ఈయన మళ్ళీ అడిగాడు, "అసలు మీ కంపెనీలో ఏం తయారు చేస్తారే?" అని. ప్రైవేటు స్కూలు మానేసి ఇంట్లో కూర్చున్న మేష్టారు, పొద్దు గడవాలిగా. చెప్పాను. గడ్డిని నరికి, ఉడకేసి, మందు కలిపి తీపి నీళ్ళు చేస్తారు. అవి ఒక ట్యాంకులో పులిసి స్పిరిట్ అవుతాయి, పెట్రోల్లో కలపడానికి. పులిసేటప్పుడు బొగ్గుపులుసు గాలి పొంగుతుంది. వేరేవాళ్ళయితే పైకి వదిలేస్తారు. మా దగ్గర దాన్ని పట్టి, ఇంకో గాలి కలిపి రెండో ట్యాంకులోకి ఊదుతారు. అందులో ఉండే పురుగులు ఆ గాలి తిని ఆసిడ్ ఇస్తాయి. రంగులకీ జిగురుకీ పనికొస్తుందట.

"గాలి తిని బతికే పురుగులా!" అని నోరు తెరిచాడు.

"పెళ్ళాం సంపాదన తిని బతికేవాళ్ళు లేరూ?" అన్నాను.

సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

డిసెంబరు 16

పురుగులు అనకూడదట. నీలోఫర్ ఇవాళ కూడా దిద్దింది. "సూక్ష్మజీవులు ఆంటీ." ఆ రెండో ట్యాంకు ఆ పిల్లదే. బందరు పిల్ల, మైక్రోబయాలజీ చదివింది. పొద్దున వస్తూనే ట్యాంకుకి చెవి ఆనించి వింటుంది, కడుపుతో ఉన్న కూతురిని పరామర్శించినట్టు. నేను మొదట్లో ఏమీ అర్థం కాక నిలబడితే, "ఏం లేదాంటీ, పాలల్లో తోడు వేస్తాం చూడండి, అదే ఇది. వేడి సరిగ్గా ఉండాలి, చెయ్యి శుభ్రంగా ఉండాలి, అంతే" అని చెప్పింది. మంచి పిల్ల. కాదనను. ఆ ఆంటీ అనడం ఒక్కటే నాకు ఒళ్ళు మంట. గుడివాడలో ఏ ఆఫీసుకెళ్ళినా నన్ను మేడమ్ అంటారు.

జనవరి ఆఖరున బొంబాయి నుంచి పెట్టుబడి వాళ్ళు వస్తున్నారు. ఆ రోజు రెండు ట్యాంకులూ నడుస్తుంటే పెద్ద ప్లాంటు వస్తుంది. పెద్ద ప్లాంటుకి ఇన్‌చార్జి ఒక్కరే, మాలో ఒకరు. గిరిధర్ గారు మా ఇద్దరి ముందే ఆ మాట అనేసి, చాయ్ తాగి వెళ్ళిపోయారు. ఆ పోస్టు రాని వాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

నీలోఫర్ నా చెయ్యి పట్టుకుని, "మీకే రావాలి ఆంటీ. నాకు ట్యాంకు ఉంటే చాలు" అంది. అలా అనేవాళ్ళకే వస్తాయి పోస్టులు.

డిసెంబరు 21

రెండో ట్యాంకు చచ్చిపోయింది.

డిసెంబరు 23

మొదటి ట్యాంకు కూడా మందగించింది. నీలోఫర్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మళ్ళీ కొత్త తోడు వేసింది. ఫ్రిజ్‌లో ఇక ఒకే ఒక్క సీసా ఉందట. మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికొచ్చి కూర్చుని, "ఆంటీ, నీళ్ళలో ఉప్పు ఉంది" అంది.

"ఏ నీళ్ళమ్మా?"

"గడ్డి ఉడికించే నీళ్ళు. మనం చుక్క కూడా బయటికి వదలం కదా, రెండు ట్యాంకుల్లోకీ అవే నీళ్ళు తిప్పి తిప్పి వాడతాం. ప్రతిసారీ కొంచెం ఉప్పు చేరినా అది ఎక్కడికీ పోదు, పేరుకుంటుంది. సూక్ష్మజీవులకి ఉప్పు పడదాంటీ, చచ్చిపోతాయి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు. గడ్డిలో ఉంటుందా?"

"దివిసీమ నేల కదమ్మా. నేలలోనే ఉప్పు."

నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు. అబద్ధమూ కాదు. అక్కడి నేలలో ఉప్పు ఉన్నమాట నిజమే, ఎవర్నడిగినా చెప్తారు.

గుప్పెడు ఉప్పు. వరసకి ఒక్క గుప్పెడు. దానికి ఇంత పెద్ద ట్యాంకు చచ్చిపోతుందా? నేను నమ్మను. నా ఆవకాయ జాడీలో ఎంత ఉప్పు ఉంటుంది, ఏం చచ్చింది అందులో?

చలిగా ఉంది. శాలువా కప్పుకుని రాస్తున్నాను.

డిసెంబరు 25

చర్చి నుంచి వచ్చేసరికి నీలోఫర్ గుమ్మంలో ఉంది, చేతిలో బందరు హల్వా డబ్బా. నేనే పిలిచాను మొన్నెప్పుడో, మర్చిపోయాను. హలాల్ చెయ్యని మన కోడి తినదని రొయ్యల పులుసు పెట్టాను. ఆ మాత్రం మర్యాద మాకు తెలుసు.

ఈయనకి వినేవాళ్ళు దొరికారు. ఆ పిల్ల తుఫాను సంగతి ఎత్తింది, "అంత తడి గడ్డిని ఆంటీ ఎలా కాపాడారో అంకుల్, ఒక్క పోచ కుళ్ళలేదు" అని. ఇక చూస్కో!

"వాళ్ళ నాన్న కూతురమ్మా! మా మావగారు వామి వేస్తే ఏళ్ళు నిలబడేది. దానికో కిటుకుంది, వరస వరసకీ ఆయన ఏం చల్లేవాడో తెలుసా..."

పులుసు గిన్నె జారింది. ఈయన ఒళ్ళోకి. నూనె చేతులు, జారక ఏం చేస్తుంది. లబోదిబోమని లేచాడు. తొడ ఎర్రగా కమిలింది. నీలోఫర్ పరిగెత్తి బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోసింది, ఆయింట్‌మెంట్ కోసం వీధి చివరి షాపుకి కూడా తనే వెళ్ళింది. ఆ సందట్లో మాట ఎటో పోయింది.

ఆ పిల్ల వెళ్ళాక ఈయన పడుకుని మూలుగుతూ, "ఏమైందే నీకు?" అన్నాడు.

"జారింది" అన్నాను. జారిందే.

డిసెంబరు 27

గడ్డిని పరీక్షకి పంపుదామని నీలోఫర్ గిరిధర్ గారిని ఒప్పించింది. విజయవాడలో ల్యాబు. నా దగ్గరికి ప్లాస్టిక్ కవర్లు తెచ్చి ఇచ్చి, "ప్రతి వామిలోంచీ కొంచెం తీసివ్వండి ఆంటీ. మీ చేత్తో తీస్తే నాకు నమ్మకం" అంది.

గుడివాడ వైపు నుంచి వానకి ముందే వచ్చిన కట్టలు కొన్ని షెడ్డులో పొడిగా ఉన్నాయి. వాటికి ఉప్పు చల్లలేదు, అవసరం రాలేదు. కవర్లన్నీ అక్కడే నింపాను. వాముల మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కే వయసా నాది? గడ్డి గడ్డే. అంతా మన జిల్లా గడ్డే.

కవర్ల మీద వాముల నంబర్లు వేసి ఇచ్చాను. దస్తూరీ బావుందని మెచ్చుకుంది.

డిసెంబరు 29

పోలయ్యని హంసలదీవి వైపు కలెక్షన్ పాయింటుకి మార్చాను. అక్కడ గడ్డి తూకాలు చూసుకునే మనిషి లేడు. వాడి కూతురు సాయిదుర్గ పురిటికొచ్చి ఉందట. "ఇప్పుడే ఎందుకమ్మా, ఒక్క నెల దాటనియ్యండి" అని చేతులు కట్టుకున్నాడు. కాన్పు చేసేది డాక్టరు గానీ వాడు కాదుగా, అదే చెప్పాను. వాడికి నోటికి తాళం ఉండదు. ఉప్పు బస్తాలు మోసిన కబురు టీ బడ్డీ దగ్గర అందరికీ చెప్తూ ఉంటాడు. మిగతా కూలోళ్ళు కోతల కోసం వచ్చినవాళ్ళు, ఎప్పుడో వెళ్ళిపోయారు.

పోలయ్య వెళ్తూ, "నా వల్ల ఏం తప్పు జరిగిందమ్మా?" అని అడిగాడు. ఏమీ లేదు, వెళ్ళు అన్నాను. నిజమే చెప్పాను.

జనవరి 4

రిపోర్టు వచ్చింది. గడ్డిలో ఉప్పు లేదు.

రెండో తోడు కూడా చచ్చిపోయింది. నీలోఫర్ రిపోర్టుని తిప్పి తిప్పి చదువుతోంది, కాగితానికి ఇంకో వైపు ఏమైనా రాసి ఉంటుందేమోనని. "గడ్డిలో లేకపోతే మరి ఎక్కడిది ఆంటీ?" అని నన్నే అడుగుతుంది. నేనేం సైంటిస్టునా?

జనవరి 6

ఇవాళ తేలిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గిరిధర్ గారి గది. ఆయన, నేను, నీలోఫర్. ఆయన వేళ్ళు మడుస్తూ మాట్లాడారు. గడ్డిలో ఉప్పు లేదు. కాలవ నీళ్ళు శుద్ధి చేసే వాడుతున్నాం, అందులో లేదు. ఇక ట్యాంకులో రోజూ ఉప్పుమందులు కలిపేది ఎవరు?

"నేనే సార్" అంది నీలోఫర్. "కానీ తూకం వేసే కలుపుతాను. వాటి తిండి అది. ఎక్కువ పడితే చచ్చిపోతాయని నాకు తెలియదా?"

"మరి ఎలా చచ్చిపోయాయి?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కిటికీలోంచి వాముల వైపు చూస్తున్నాను. ఎంత బాగా నిలబడ్డాయో.

అప్పుడు ఆయన నన్ను అడిగారు, ఎప్పుడైనా ట్యాంకు వదిలేసి వెళ్ళిందా అని. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను? మొన్న శుక్రవారం బందరు వెళ్ళిందని చెప్పాను. వాళ్ళమ్మ ఖైరున్ బీకి షుగరు, కాలి పుండుకి కట్టు మార్పించాలని వెళ్ళింది. 'కాస్త చూస్తుండండి ఆంటీ' అని నాకు చెప్పే వెళ్ళింది. అది ఆయన అడగలేదు. ఆ పిల్ల కూడా చెప్పలేదు. నేను ఇరుక్కుంటానని కాబోలు.

తను బయటికి వెళ్ళాక గిరిధర్ గారు గొంతు తగ్గించి, "ఆడపిల్ల కదండీ. ఆ రోజుల్లో ముట్టుకునుంటుందేమో. మా అమ్మ ఊరగాయ జాడీ దగ్గరికి రానిచ్చేది కాదు ఎవర్నీ" అన్నారు. అమెరికాలో ఎం.ఎస్. చేసిన మనిషి! నవ్వొచ్చింది. నవ్వలేదు. "ఏమోనండీ, పెద్దవాళ్ళు ఊరికే అనరు" అన్నాను.

సాయంత్రానికల్లా నీలోఫర్ బ్యాగు సర్దుకుంది. వ్యాను ఎక్కే ముందు వచ్చి నన్ను వాటేసుకుంది. "మీరొక్కరే నన్ను నమ్మి శాంపిళ్ళు తీసిచ్చారు ఆంటీ" అంది. కన్నీళ్ళతో నా జాకెట్టు భుజం తడిసిపోయింది. పట్టు జాకెట్టు, మరక పడుతుందేమో.

జనవరి 7

ఆదివారం కాకపోయినా చర్చికి వెళ్ళాను. ప్రభువా, ఆ అమ్మాయికి మంచి దారి చూపించు అని ప్రార్థన చేశాను. మనస్ఫూర్తిగా చేశాను. చిన్న వయసు, ఇంకెక్కడైనా దొరుకుతుంది. నాకు దొరకదు. యాభై దాటినదానికి ఎవరిస్తారు?

జనవరి 9

పాత నీళ్ళన్నీ పారబోయించాను. "అపశకునపు నీళ్ళు ఎందుకండీ, కొత్తగా మొదలుపెడదాం" అన్నాను. గిరిధర్ గారు వెంటనే సరేనన్నారు. వాముల గడ్డి మొత్తం గుడివాడ పాల డెయిరీకి తోలించేశాను. గేదెలు ఎగబడి తింటున్నాయట, ఇంకా ఉంటే పంపమని ఫోను. ఇక్కడ వాడటానికి రైసు మిల్లుల వైపు నుంచి పొడి గడ్డి తెప్పించాను. తోడు మాత్రం నీలోఫర్ దాచిన ఆఖరి సీసాదే. కొత్తగా వచ్చిన కుర్రాడు లేబుల్ చదివి వేశాడు. ఏది ఎంత, ఏ వేడిలో, అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసి పెట్టి వెళ్ళింది పిచ్చిది.

జనవరి 15

ట్యాంకు బతికింది. చెవి ఆనించి విన్నాను. గుసగుసలాడుతోంది.

అందరూ ఒకటే మాట, "ఆ అమ్మాయి వెళ్ళిందో లేదో ట్యాంకు లేచి కూర్చుంది" అని. నేను అనలేదు ఆ మాట. వాళ్ళే అనుకుంటున్నారు.

జనవరి 28

బొంబాయి వాళ్ళు వచ్చారు, చూశారు, చేతులు కలిపారు. మా స్పిరిట్‌ని పళ్ళెంలో పోసి వెలిగిస్తే నీలం మంట. పొగ లేదు. గడ్డి తగలబెడితే ఊరంతా పొగ, మేం వెలిగిస్తే ఇలాగ అని గిరిధర్ గారు ఇంగ్లీషులో గొప్పగా చెప్పారు. పోస్టు నాకే. ఇన్‌చార్జి. నా పేరుతో బోర్డు రాయించమన్నారు.

ఈయనకి చెప్తే, తొడ మీద మచ్చ రుద్దుకుంటూ, "మరి ఆ అమ్మాయి?" అన్నాడు.

"ఏ అమ్మాయి?" అన్నాను.

ఫిబ్రవరి 3

పోలయ్య ఫోను. మనవడట. ఇంకా చూడలేదట, తిరిగి రానివ్వమంటాడు. వద్దన్నాను.

మే 11

ఇన్నాళ్ళూ రాయడానికి ఏం లేదు. అన్నీ సక్రమంగా ఉంటే ఎవరు రాస్తారు?

ఆవకాయకి జాడీ కొనాలని బందరు వెళ్ళాను. కోనేరు సెంటరు దగ్గర ఫ్యాన్సీ షాపులో కౌంటరు వెనకాల నీలోఫర్. గాజుల డబ్బాలు సర్దుతోంది. చూసీ చూడనట్టు దాటిపోదామనుకున్నాను. "ఆంటీ!" అని అరిచి, కౌంటరు దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చిక్కిపోయింది. ఓనరు చూస్తున్నాడని కూడా లేదు, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నిమ్మసోడా తెప్పించింది.

ల్యాబుల్లో ఎక్కడా తీసుకోలేదట. అందరూ పాత కంపెనీకి ఫోను చేసి కనుక్కుంటారు కదా. గిరిధర్ గారు ఏం చెప్తారో ఏమో అంది. ఆ ఫోన్లు ఇప్పుడు నాకు వస్తాయి. ఆ సంగతి నేను చెప్పలేదు, తనకి తెలియదు.

"మన ట్యాంకు ఎలా ఉందాంటీ?"

"బావుంది. పొంగిపొర్లుతోంది."

నిజంగా సంతోషపడింది. ముఖమంతా వెలిగింది. తర్వాత తల వంచుకుని, గాజుల డబ్బా మూత తీస్తూ పెడుతూ, "ఒక్క మాట అడగనా? మీరు అబద్ధం చెప్పరు. నేనేం తప్పు చేశాను ఆంటీ? రోజూ గుర్తు తెచ్చుకుంటాను. తూకం సరిగ్గానే వేశాను. వేశాననే అనుకుంటున్నాను. వెయ్యలేదేమో. ఇప్పుడు నాకే తెలియడం లేదు" అంది.

చెప్పేయొచ్చు. ఒక్క మాట. ఉప్పు అన్న ఒక్క మాట. ఆ పిల్ల ఎవరితోనూ చెప్పదు, నా కాళ్ళు కూడా మొక్కుతుంది తప్పు తనది కాదని తెలిసినందుకు. సోడా గ్లాసు చేతిలో పట్టుకుని అదంతా ఆలోచించాను. ఎండ మండిపోతోంది. జాడీ ఇంకా కొనలేదు. బస్సు టైమవుతోంది.

"కొందరి చెయ్యి అంతేనమ్మా" అన్నాను. "తప్పని కాదు. మా ఊళ్ళో ఒకావిడ ఉండేది, ఎంత శుభ్రంగా పెట్టినా ఆవిడ పెట్టిన పచ్చడి బూజు పట్టేది. పాపం, ఏం చేస్తుంది."

అలాంటి ఆవిడ మా ఊళ్ళో ఎవరూ లేరు.

నీలోఫర్ తన చేతులు చూసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నేనూ అదే అనుకున్నానాంటీ" అంది నెమ్మదిగా. "ఇంట్లో పాలకి తోడు కూడా అమ్మే వేస్తోంది ఇప్పుడు. లేవలేని మనిషి, గిన్నె మంచం దగ్గరికి తీసుకెళ్ళి ఇస్తాను. నేను వేస్తే తోడుకోదేమోనని భయం."

మైక్రోబయాలజీలో గోల్డ్ మెడల్ ఆ పిల్లకి.

సోడా డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. పక్క షాపులో జాడీ కొన్నాక, బస్సు దాకా ఆ సంచీ తనే మోసుకొచ్చింది. జాడీని సంచీలోంచి తీసి సీట్లో పెట్టబోతూ ఆగి, చున్నీ చేతులకి చుట్టుకుని, దాని మీద నుంచి పట్టుకుని పెట్టింది. "కొత్త జాడీ కదాంటీ. నా చెయ్యి తగలకూడదు" అంది.

ఇంటికొచ్చి స్నానం చేసి, పాలు కాచి, తోడు వేశాను.

మే 12

పెరుగు గట్టిగా తోడుకుంది. ఈయన రెండోసారి కూడా వేయించుకుని, వేళ్ళు నాక్కుంటూ, "ఏమన్నా అను గానీ, నీ చెయ్యి మంచిది కృపా" అన్నాడు.